పదికి మూడున్నర

ప్రసూతి విభాగం వరండా, ఉదయం వేళ. పొడుగు బల్ల మీద నెలలు నిండిన మరదలు, పక్కన ఆమె భర్తకు అక్క.

“అంటే నన్ను మనిషి అనుకుని పిలవలేదన్నమాట. మైకు అనుకుని పిలిచావు.”

“మైకు అనలేదు వదినా. గొంతు బాగుంటుంది, నలుగురికీ వినపడుతుంది అన్నాను.”

“మైకంటే అదేగా.”

“మైకుకి కరెంటు కావాలి. మీకు అక్కర్లేదు.”

“ఓహో. మూడేళ్ళు నాతో మాట్లాడకుండా దాచుకున్న మాటలన్నీ ఇవేనా?”

“మాట్లాడకుండా ఎక్కడున్నాను? కనిపించినప్పుడల్లా బాగున్నారా అని అడిగానుగా.”

“అడిగావు. అదే నా ఖర్మ. ఇంకొకరైతే మొహం తిప్పుకుంటారు, తలుపు ధడాల్న వేస్తారు. మన మీద కోపమొచ్చింది కాబోలని ఎదుటి మనిషికి తెలుస్తుంది. నువ్వు అలిగిన సంగతి నాకు ఆర్నెల్ల దాకా తెలియనే లేదు. అదీ మా తమ్ముడు చెప్తే.”

“ఎవరికీ ఇబ్బంది లేకుండా అలుగుదామనుకున్నాను.”

“అలగడానికి కూడా అర్జీ పెట్టుకుని, పైవాళ్ళు సరేనంటే అలిగే రకం. సరే, ఎలా ఉంది ఇప్పుడు?”

“ఏది?”

“వాతావరణం. నొప్పే, నొప్పి!”

“పర్వాలేదు. తెల్లవారినప్పటికంటే కాస్త... పర్వాలేదు.”

“ఆ పర్వాలేదు అనే మాట ఇంకోసారి అన్నావంటే లేచి ఇంటికి పోతాను. పెద్ద డాక్టరమ్మ నిన్న ఏమంది? ఫోన్లో చెప్పావే, అది మళ్ళీ చెప్పు.”

“పోయినసారి ఆపరేషన్ కుట్టు లోపల ఉంది కదా. నొప్పులు ఎక్కువైనా, కుట్టు దగ్గర ఏమాత్రం తేడాగా అనిపించినా, క్షణం ఆగకుండా చెప్పాలంది. చెప్పకుండా ఊరుకుంటే నాకూ ప్రమాదం, లోపలున్నవాళ్ళకీ ప్రమాదం అంది.”

“దానికి నువ్వేమన్నావు?”

“థాంక్యూ డాక్టర్ అన్నాను.”

“అంటావు. నీ ప్రాణం తీస్తానన్నా ముందు కాఫీ తాగి వెళ్ళండంటావు. అయినా ఊళ్ళో ఇంకో ఆసుపత్రే లేనట్టు, జారిపడ్డ మెట్టునే వెతుక్కుంటూ వచ్చావేం?”

“నా పాత ఫైలంతా ఇక్కడే ఉంది. పైగా ఇంకోచోటికి వెళ్తే వీళ్ళేమనుకుంటారు? పోయినసారి వెళ్ళేటప్పుడు, మా సేవలు ఎలా ఉన్నాయని కాగితం ఇచ్చారు. చాలా బాగున్నాయని రాశాను.”

“ఏం చూసి?”

“పెన్నిచ్చి ఎదురుగానే నిలబడ్డారు వదినా. బాగాలేవని మొహం ఎదుటే ఎలా రాస్తాం?”

“ఆ గోడ మీద బొమ్మ చూడు. బిడ్డని కన్నదట, జడ కూడా చెదరలేదు. నిన్ను చూసే గీసుంటారు. సరే, మా తమ్ముడేడి? నీ పక్కన కూర్చోవాల్సినవాడు వాడు కదా.”

“పాపని చూసుకుంటూ ఇంట్లో ఉన్నారు. నేనే ఉండమన్నాను. పోయినసారి నా చెయ్యి పట్టుకుని, ధైర్యం చెప్తూ చెప్తూ కింద పడ్డారు. వార్డులో ఉన్న ఒక్క స్ట్రెచర్ మీదా ఆయన్నే పడుకోబెట్టారు. నాకంటే ముందు ఆయనకే సెలైన్ ఎక్కించారు. తేరుకున్నాక ఎవరో బిస్కెట్లు కూడా పెట్టారు.”

“చిన్నప్పుడు వాడి పంటికి వాడి నాలుక తగిలినా ఏడ్చేవాడు. మీ అమ్మో?”

“అమ్మ మంచిదే. నర్సు ఇంకా టైముందమ్మా అంటే, అవును తల్లీ నువ్వు చెప్పిందే నిజం అంటుంది. మీ అమ్మాయికి ఓర్పు లేదంటే, చిన్నప్పట్నుంచీ అంతే అంటుంది. ఇక్కడ అందరికీ అమ్మంటే ప్రాణం. పొద్దున్న కూడా అడిగారు, మీ అమ్మగారు రాలేదా అని.”

“మా అమ్మ?”

“అత్తయ్యగారు... పెద్దావిడ కదా.”

“చెప్పు, నేనేం మోసుకెళ్ళను. మోసుకెళ్ళినా ఆవిడకి కొత్తేం కాదు.”

“పక్క మంచాలవాళ్ళందరికీ తన కాన్పులు చెప్పారు. మీరు పుట్టినప్పుడు పొయ్యి మీద గిన్నె పెట్టి వెళ్ళి, మిమ్మల్ని కని, వచ్చి దించారట కదా.”

“ఆ గిన్నెలో ఒకసారి పాలుంటాయి, ఒకసారి స్నానానికి నీళ్ళుంటాయి. పొంగకముందే వచ్చి దించడం మాత్రం మారదు.”

“అందుకని, ఇక మిగిలింది మీరు.”

“మిగిలింది! సంత అయ్యాక గంప అడుగున వంకాయలా. చాలా సంతోషం.”

“అమ్మా, కేసు షీటులో రాసుకోవాలి, ఈవిడ మీ మనిషేనా? ఏమ్మా, నొప్పులు ఎలా ఉన్నాయి? పదికి ఎంత?”

“పదికి అంటే ఏంటి సిస్టర్?”

“నొప్పి అస్సలు లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. ఇప్పుడు అందరినీ అలాగే అడిగి రాసుకుంటున్నాం. చెప్పమ్మా.”

“మూడు, సిస్టర్. మూడు... మూడున్నర.”

“మూడున్నరేగా. ఇంకా టైముంది. కూర్చోండి.”

“ఆగండి సిస్టర్. ఆ మూడున్నరని నమ్మకండి. ఈ పిల్ల మూడున్నర అందంటే మామూలు మనుషులకి ఏడు.”

“నొప్పి మీకా, ఆవిడకా?”

“నొప్పి దానికి, నోరు నాకు. పంచుకుని వచ్చాం.”

“పేషెంటు ఎంత చెప్తే అంతేనండీ. ఇందాక లోపల చూశాం కూడా. ఇంకా టైముంది.”

“ఆ మాట గోడ మీద రాయించి పెట్టుకోండి, మీకు శ్రమ తగ్గుతుంది. పోయినసారి కూడా ఇదే బల్ల, ఇదే మాట. ఆఖరికి పిల్లని నీలం రంగులో బయటికి తీశారు.”

“సారీ సిస్టర్. ఆవిడ కాస్త కంగారు మనిషి. మీరు పని చూసుకోండి, పర్వాలేదు.”

“కాసేపాగి మళ్ళీ వచ్చి చూస్తానమ్మా.”

“వెళ్ళింది. చూశావా? నేను ముందు వైపు గోడ కడుతుంటే, నువ్వు వెనక తలుపు తీసి, రండి కూర్చోండి అంటున్నావు.”

“పాపం, ఆవిడకి పొద్దున్నించీ కూర్చునే తీరిక లేదు వదినా.”

“ఆవిడ సంగతి తర్వాత. ఆ అర ఎక్కడిది? మూడు తెలుసు, నాలుగు తెలుసు. మూడున్నర ఏంటి?”

“నిజానికి ఆరు ఉంటుందేమో. మొదట్లోనే ఆరు చెప్పేస్తే, తర్వాత నిజంగా ఎక్కువైతే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? అందుకని కాస్త అట్టిపెట్టాను.”

“నొప్పి కూడా పొదుపే! ఇదేమన్నా చక్కెర డబ్బానా, నెలాఖరు దాకా సర్దడానికి?”

“మూడే అందామనుకున్నాను. మీరు పక్కన ఉన్నారని ధైర్యం చేసి అర కలిపాను.”

“వీరనారివి. సరే, ఇటు తిరుగు. నేను నర్సుని. నువ్వు నువ్వే. ఇంకా టైముందమ్మా, కూర్చో. ఊఁ, ఇప్పుడు అను.”

“లేదండీ, అంటే, నాకు మాత్రం...”

“అండీ తీసెయ్.”

“లేదు సిస్టర్. దయచేసి ఇప్పుడే చూడాలి.”

“దయచేసి తీసెయ్.”

“అవి రెండూ తీసేస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదు వదినా.”

“పోయినసారి కూడా ఇలాగే అఘోరించావా?”

“పోయినసారి పదికి ఎంతని అడిగే పద్ధతి లేదు. మొహం చూసి చెప్పేవారు. సిస్టర్, ఏదో తేడాగా ఉంది, మీకు వీలైనప్పుడు ఒకసారి చూస్తారా అన్నాను. నొప్పులొచ్చినవాళ్ళు ఇంత నెమ్మదిగా అడగరమ్మా, నీకింకా కాలేదు అంది. నాకూ నిజమే అనిపించింది.”

“నీకూ అనిపించింది!”

“ఆవిడ ఆ పని చదువుకుని వచ్చింది కదా. పైగా పక్క మంచం మీద ఇంకొకావిడ ఉండేది. వాళ్ళాయన్నీ, ఆయన్ని కన్నవాళ్ళనీ, ఈ ఆసుపత్రి కట్టినవాళ్ళనీ ఎవర్నీ వదల్లేదు. ఏం గొంతనుకున్నారు! వార్డు వార్డంతా ఆవిడ చుట్టే. మధ్యలో నేను కూడా లేచి వెళ్ళి ఆవిడకి మంచినీళ్ళిచ్చాను.”

“నొప్పులు పడుతూ.”

“మనిషి అంత అరుస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం?”

“ఇంతకీ కన్నదా ఆవిడ?”

“లేదు. గ్యాస్ అని తేలింది. మర్నాడు ఇంటికి పంపేశారు.”

“హరి హరీ.”

“ఆవిణ్ణి చూడ్డానికే పెద్ద డాక్టరమ్మ వచ్చింది. వెళ్ళబోతూ నా వైపు చూసింది. నా కింద తడిసిన దుప్పటి చూసింది. అంతే, తర్వాత అందరూ పరుగులే. అప్పటికి పాప గుండె చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోందట. నన్ను తోసుకెళ్తుంటే కూడా, పక్కావిడకి మాత్ర ఇంకా వేయలేదు సిస్టర్ అని గుర్తు చేశానట. నాకు గుర్తు లేదు.”

“చాల్లే. ఆపు.”

“మీరే అడిగారుగా.”

“అడిగాను, బుద్ధి గడ్డి తిని. పిల్ల దక్కింది, నువ్వు దక్కావు. ఇప్పుడా పిల్ల నోరు తెరిస్తే వీధి చివర కుక్కలు లేచి కూర్చుంటున్నాయి.”

“అందరూ మీ పోలికంటారు.”

“మెచ్చుకునా, ఏడ్చా?”

“అనేవాళ్ళని బట్టి.”

“ఊఁ. ఆ రోజు నేనన్న మాటకేగా నువ్వు మూడేళ్ళు అలిగింది?”

“ఏ మాట వదినా?”

“నటించకు. పిల్ల ఇంకా అద్దాల పెట్టెలో ఉంటే, నీ మంచం పక్కన నిలబడి, అందరి ముందూ, నీ నోట్లో నాలుక లేదటే, చేతులారా బిడ్డని పోగొట్టుకునేదానివి కదటే అన్నాను. అన్నానా లేదా?”

“అన్నారు. మొద్దు అని కూడా అన్నారు.”

“బాగానే గుర్తుందే.”

“ఉట్టి మొద్దు కాదు, మంచి మొద్దు అన్నారు. మంచి అన్నారు కదా అని సర్దుకున్నాను.”

“నీతో పోట్లాడేకంటే దిండుతో పోట్లాడటం నయం. అంత మాటన్నదాన్ని, ఏరి కోరి ఈ చోటికే ఎందుకు పిలిచావే?”

“నన్ను తిట్టి, మీరు కిందికి నర్సుల గదికి వెళ్ళారు. అక్కడ మీరన్నవి నాకు పైన మంచం మీదికి వినిపించాయి. మనిషి మర్యాదగా అడిగితే చూడరా, బూతులు తిడితేనే వైద్యమా అన్నారు. ఆ రోజు వచ్చినవాళ్ళందరూ పోనీలే, పోనీలే అని, పళ్ళు పెట్టి, గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. నా తరఫున అరిచింది మీరొక్కరే.”

“నీ తరఫున అని ఎవరు చెప్పారు?”

“మరెవరి తరఫున?”

“...నీళ్ళు తాగు.”

“ఇప్పుడే తాగాను.”

“మళ్ళీ తాగు.”

“వదినా, ఒక సంగతి అడగనా? మీకు ఇబ్బంది లేకపోతేనే.”

“ఇబ్బందే. అడుగు.”

“మిమ్మల్ని ఈ బల్ల దాకా రమ్మని కాదు పిలిచింది. ఇప్పుడు కాన్పు గదిలోకి తోడుగా ఒకరిని రానిస్తున్నారు. అందుకని—”

“నేను రాను.”

“ఇంకా అడగలేదు.”

“అడగబోతున్నావుగా. ఈ వరండాలో కూర్చుంటాను. ఎవరితో పోట్లాడమంటే వాళ్ళతో పోట్లాడతాను. ఆ తలుపు దాటి మాత్రం రాను.”

“ఎందుకని?”

“నాకా వాసన పడదు.”

“మొన్న మీ వీధిలో మురిక్కాలవ పొంగితే ముక్కైనా మూసుకోకుండా, పొద్దంతా నిలబడి తీయించారట.”

“అది వేరే వాసన.”

“దిగాల్సిన చోటు దాటిపోయిందని బస్సుని వెనక్కి నడిపించారు.”

“రోడ్డు ఖాళీగానే ఉంది. అదో పెద్ద విశేషమా?”

“బ్యాంకులో భోజనాల వేళ మూసిన కౌంటర్ తెరిపించారు.”

“ఆకలి వాళ్ళొక్కళ్ళకేనా? నా చరిత్ర చదవకు. రానంటే రాను. నాకు మోకాళ్ళ నొప్పులు.”

“ఎప్పట్నుంచి?”

“ఇప్పట్నుంచే.”

“పదికి ఎంత?”

“ఈ నోరు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?”

“మీ దగ్గరైతే దానంతటదే వస్తోంది. నర్సుల దగ్గర రాదు. వదినా, మీరు వచ్చినప్పట్నుంచీ ఆ తలుపు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.”

“మెడ పట్టేసింది.”

“మోకాళ్ళన్నారు.”

“మెడా మోకాళ్ళూ ఒకే మనిషికి ఉండకూడదా?”

“భయమా వదినా?”

“నాకా? భయమా? నన్ను చూసి భయపడేవాళ్ళతోనే ఈ ఊరు నిండిపోయింది.”

“నాకు భయంగా ఉంది. పొద్దున్న బయల్దేరేటప్పుడు పాప, అమ్మా ఎప్పుడొస్తావని అడిగింది. తొందరగా వచ్చేస్తానన్నాను. తీరా ఇక్కడి గేటు దగ్గరికొచ్చాక వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. లోపలికెళ్తే నేను మళ్ళీ అలాగే చేస్తాను వదినా, నాకు తెలుసు. ప్రాణం పోతున్నా, మీకు తీరికుంటే అంటాను. అద్దం ముందు నిలబడి అరవడం నేర్చుకుందామని కూడా చూశాను. సిస్టర్ అని ఒక్క అరుపు అరిచాను. పక్క గదిలోంచి మీ తమ్ముడు, ఏమన్నా అన్నావా అని అడిగారు. నా గొంతు అంత దూరమే వెళ్ళింది.”

“ఏడవకు.”

“ఏడవట్లేదు. చెమట.”

“వాణ్ణే పిలుస్తాను. ఈసారి కుర్చీకి కట్టేసి మరీ కూర్చోబెడదాం.”

“సరే వదినా.”

“ఏంటి సరే?”

“మీకు ఇష్టం లేనప్పుడు బలవంతం చేయకూడదు కదా.”

“ఇదిగో! ఇలాగే తగలడ్డావు! కావాల్సింది పట్టుకుని వేలాడాలి. రానంటే నా కొంగు పట్టుకుని లాగాలి. అదీ చేతకాదా?”

“మీ కొంగు ఇస్త్రీ చేసుంది.”

“దేవుడా, నాకేం పాపం చుట్టుకుందో.”

“వదినా.”

“ఏంటి మళ్ళీ?”

“కాస్త అటు జరుగుతారా?”

“ఎందుకు?”

“బల్ల తడిసింది. మీ చీరకి అంటుతుందని.”

“నీళ్ళ సీసా ఒలకబోశావా? మూత పెట్టే ఉందే... ఓసి నీ! ఉమ్మనీరు! ఎప్పట్నుంచి?”

“బస్సు సంగతి మాట్లాడుకుంటున్నప్పుడు.”

“అప్పట్నుంచీ గుడ్లప్పగించి కూర్చున్నావా?”

“మాట మధ్యలో ఎందుకని...”

“సిస్టర్! ఓ సిస్టర్! ఎవరూ లేరా ఇక్కడ? టైముంది టైముంది అన్నారుగా, వచ్చింది ఆ టైము! తలుపు మీరు తీస్తారా, నన్ను తీయమంటారా?”

“వస్తున్నానమ్మా, అరవకండి. ఇది ఆసుపత్రి.”

“ఆసుపత్రి కాబట్టే అరుస్తున్నాను. సంతలో అయితే నెమ్మదిగానే అడుగుతాను. ఉమ్మనీరు పోయింది. పోయినసారి ఆపరేషన్ కుట్టుంది. పెద్ద డాక్టరమ్మకి ఈ క్షణం కబురెళ్ళాలి.”

“చూడనివ్వండి. ఏమ్మా, ఇప్పుడు పదికి ఎంత?”

“ఆరు... కాదు సిస్టర్...”

“చెప్పవే!”

“తొమ్మిది. తొమ్మిది, సిస్టర్. సారీ.”

“సారీ ఎందుకమ్మా, నీ నొప్పి నువ్వు చెప్పావు. ఆయా, చక్రాల కుర్చీ తీసుకురా! డాక్టరుగారికి ఫోన్ చేయండి, పాత కుట్టున్న మనిషి అని చెప్పండి. లోపలికి తీసుకెళ్ళిపోవాలి. తోడు ఎవరొస్తున్నారు? ఒక్కరే రావాలి.”

“ఎవరూ లేరు సిస్టర్. నేనొక్కదాన్నే—”

“నేనొస్తున్నాను.”

“వదినా, మీకు ఇష్టం లేకుండా—”

“నోరు మూసుకో. కాదు, తెరుచుకో. నా చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకోవే, విరిగితే ఇక్కడే కట్టు కడతారు.”

“లోపల మీరు కళ్ళు తిరిగి పడితే మేం చూసుకోలేమమ్మా. పోయినసారి ఈవిడ భర్తతో వేగలేక చచ్చాం. కాన్పు గది ఎప్పుడైనా చూశారా అసలు?”

“చూశాను. రెండుసార్లు.”

“రెండుసార్లా? వదినా, మీకు బాబు ఒక్కడేగా?”

“వాడు రెండోవాడు. ముందు ఆడపిల్ల, దక్కలేదు. అప్పటికి నాకింకా ఈ నోరు రాలేదు.”